కాగితం మీద నాలుగు నెలలు

మా చెల్లెలి దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. పేజీకో దేశం. పైన దేశం పేరు, కింద అక్కడ కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకి ఉద్యోగం రావాలంటే ఏమేం కావాలో రాసుకుంది. అమెరికా పేజీలో "వీసాకి లాటరీ" అని రాసి దాని మీద రెండు గీతలు కొట్టేసింది. కెనడా పేజీ నిండా మార్కులే, వయసుకి ఇన్ని, ఇంగ్లీషుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని. కింద చిన్న అక్షరాలతో "వెళ్ళిన సీనియర్ గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాడు" అని ఉంది. జర్మనీకి భాష రావాలి, పైగా మనం చదివిన కాలేజీ పేరు వాళ్ళ జాబితాలో ఉండాలి. జపాన్‌కీ భాషే అడ్డం. ఆస్ట్రేలియావాళ్ళు మన డిగ్రీ అసలు డిగ్రీయేనా అని ముందు పరీక్షిస్తారట. సింగపూర్, దుబాయ్ పేజీల్లో ఒకటే మాట, అనుభవం. హైదరాబాద్, బెంగళూరు దేశాలు కాకపోయినా వాటికీ చెరో పేజీ ఇచ్చింది. అక్కడా అనుభవమే కావాలన్నారు. ఆ అనుభవం ఎవరిస్తారో ఏ పేజీలోనూ రాసి లేదు.

ఆ పుస్తకం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నేనూ అదే చదువు చదివాను. అనంతగిరి కొండల్లో మా ఊరి నుంచి ఇంజనీరింగ్ పూర్తి చేసిన మొదటి ఆడపిల్లని నేనే. పాసయ్యాక విశాఖపట్నంలో ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగాను. మొదటి రౌండు దాటిన ఇంటర్వ్యూలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చివరికి పరీక్ష రాసి గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేరాను. మా ఊరికి నాలుగు మలుపుల కింద ఉంటుంది మా ఆఫీసు. కుల ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రాలు, రేషన్ కార్డులో పేర్లు ఎక్కించడాలు, తీసెయ్యడాలు నా పని. నాలుగేళ్ళ చదువులో నాకు రోజూ పనికొచ్చేది ప్రింటర్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం ఒక్కటే. అయినా నెలాఖరుకి జీతం వస్తుంది కాబట్టి ఊళ్ళో నన్ను గొప్పదాన్నే అనుకుంటారు.

చెల్లి నా తర్వాత రెండేళ్ళకి పాసయింది. అప్పటికి పరిస్థితి ఇంకా దిగజారింది. మమ్మల్ని కనీసం పిలిచి వద్దన్నారు, వాళ్ళని పిలవనే లేదు. కాలేజీకి వచ్చిన ఒకే ఒక్క కంపెనీ ఆయన, కొత్తగా చేరినవాళ్ళు చేసే పని ఇప్పుడు యంత్రమే చేసిపెడుతోందని ఉపన్యాసం ఇచ్చి, టీ తాగి వెళ్ళిపోయాడట. ఆ మాట ఆరేళ్ళ ముందు చెప్తే మేం వేరే ఏదైనా చదువుకునేవాళ్ళం కదా. ఆ కాలేజీవాళ్ళు మాత్రం ఆ మరుసటి ఏడు కంప్యూటర్ సైన్స్ సీట్లు ఇంకా పెంచుకున్నారు.

చెల్లి ఇంటికి వచ్చేసింది. నాన్న మేమిద్దరం హాస్టల్లో ఉండగానే జ్వరంతో పోయాడు. అప్పటినుంచి కాఫీ తోట పని అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. పొద్దున్నే చెల్లి అమ్మతో తోటకి వెళ్ళి పండిన కాఫీ కాయలు కోసేది. మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని, మిరియాల తీగ పాకిన ఒక సిల్వర్ ఓక్ చెట్టు కింద కూర్చునేది. మా ఊళ్ళో సిగ్నల్ దొరికేది అక్కడే. దారిన పోయేవాళ్ళు ఊరికే పోతారా? "ఏటే గుంటా, ఏ దేశంలో ఉన్నాయంట ఉద్యోగాలు?" అని అడిగేవారు. సంతలో అమ్మని అడిగేవారు. ఆఫీసులో పింఛనుకి వచ్చిన ముసలాళ్ళు నన్ను అడిగేవారు. ఏ దేశంలోనూ లేవని చెప్తే నమ్మరు. అంత పెద్ద ప్రపంచంలో మీ ఇద్దరు గుంటలకి జాగా లేకపోడమేటి అనేవారు. నిజమే, నాకూ అర్థం కాని సంగతే అది.

చిట్టచివరికి ఆ పుస్తకంలో పేజీయే లేని దేశం నుంచి కబురొచ్చింది. ఆరబెట్టిన కాఫీ గింజలో తడి ఎంతుందో కొలిచే చిన్న పరికరం ఒకటి చెల్లి ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా చేసింది. దానికోసం ఎవరో ఉచితంగా పెట్టిన ప్రోగ్రామ్ ఒకటి వాడుకుంది. అందులో ఒక తప్పు కనిపిస్తే సరిచేసి వాళ్ళకే తిరిగి పంపింది. తర్వాత ఇంకో రెండు తప్పులు పట్టుకుని అవీ పంపింది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళు నెదర్లాండ్స్‌లో గాజు ఇళ్ళలో పెంచే మొక్కలకి తడి, వేడి చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీవాళ్ళు. నువ్వెవరు, ఏం చేస్తున్నావు అని అడిగారు. రెండు నెలలు ఉత్తరాలు నడిచాక ఇంటర్వ్యూ అన్నారు.

ఇంటర్వ్యూ మా సచివాలయంలోనే, నా కుర్చీలోనే జరిగింది. భోజనాల వేళ, నెట్ బాగుండే సమయం చూసి చెల్లిని కూర్చోబెట్టాను. వేలిముద్ర పడక పొద్దుటినుంచి కాచుకున్న ఒక ముసలమ్మ బయటికి వెళ్ళనంటే వెళ్ళనని దాని వెనకాలే బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో కోడిపెట్ట కూడా ఉంది. తెర మీద ఉన్న ఇద్దరూ ఏదో అడుగుతుంటే చెల్లి గడగడా చెప్తోంది. మధ్యలో ముసలమ్మ "ఆ తెల్లోలు ఏటంతన్నారే?" అని గట్టిగా అడిగింది. నేను గుమ్మం దగ్గర నిలబడి నెత్తి కొట్టుకున్నాను. వాళ్ళు నవ్వారు, చెల్లీ నవ్వింది. వారం తిరక్కుండా ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది.

అమ్మకి చెప్తే మొదట అడిగిన మాట, "ఆ దేశంలో సలెక్కువేటి?"

"మనకంటే ఎక్కువేనమ్మా" అంది చెల్లి.

"అయితే మందం రగ్గు కొనాల" అంది అమ్మ. అంతే, ఉద్యోగం గురించి ఇంకేమీ అడగలేదు. కానీ ఆ వారం సంతలో రెండు గంటలు ఆలస్యం చేసింది. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పిందని తర్వాత తెలిసింది.

కంపెనీవాళ్ళు కావాల్సిన కాగితాల జాబితా పంపారు. పాస్‌పోర్టు ఉంది. డిగ్రీ ఉంది. మూడోది పుట్టిన ధ్రువపత్రం, మన ప్రభుత్వం ముద్రతో. అది చూడగానే నాకు భయం పట్టుకుంది. చెల్లికి నా ముఖం చూసినా ఏమీ అర్థం కాలేదు.

ఆ భయం ఎందుకో చెప్పాలంటే మా బడి గురించి చెప్పాలి. మేం చదివిన ఆశ్రమ పాఠశాలలో మేష్టారు పుట్టిన తేదీ అడిగేవారు కాదు. అడిగితే మాత్రం ఎవరు చెప్తారు? సామలు కోసినప్పుడనో, వలిసెలు పూసినప్పుడనో, గాలివానకి వాగు పొంగిన ఏడనో మా పెద్దవాళ్ళు చెప్తారు. రిజిస్టరులో అంకెలు కావాలి. అందుకని బడి తెరిచిన రోజున చేరినవాళ్ళందరికీ ఆయన ఆ తేదీనే పుట్టినరోజుగా రాసేసేవారు. దసరా సెలవల తర్వాత చేరినవాళ్ళకి ఆ తేదీ. సంవత్సరం మాత్రం చెప్పిన వయసును బట్టి వెనక్కి లెక్కేసేవారు. మా తరగతిలో సగం మంది ఒకేరోజు పుట్టాం. నేను చేరినప్పుడు నాకు ఏడేళ్ళుంటాయి. సన్నగా ఉన్నానని ఐదు నిండాయని రాశారు.

రెండేళ్ళ తర్వాత, దసరా సెలవలయ్యాక, నాన్న మా ఇద్దరినీ బడికి తీసుకొచ్చాడు. చెల్లిని చేర్చాలని. దానికి అప్పుడు నాలుగున్నర ఉంటాయేమో. నాన్న గుమ్మం బయటే ఆగిపోయాడు. మేష్టారి ముందు మా పెద్దవాళ్ళు నోరు విప్పేవాళ్ళు కాదు. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు ఉంటే వాళ్ళే లోపలికి వెళ్ళి మాట్లాడాలి. అదొక మర్యాద మాకు. మేష్టారు చెల్లిని కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమచెవి పట్టుకోమన్నారు. చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు లెక్క. దానికి అందలేదు. వేళ్ళు జుట్టు దగ్గరే ఆగిపోయాయి. అంతకుముందే మా ఊరి పిల్లలు ముగ్గురిని చెవి అందలేదని వెనక్కి పంపేయడం నేను చూశాను.

"మా ఇంట్లో అందరివీ పొట్టి సేతులే సార్. దీనికి ఏడేళ్ళు" అన్నాను.

మేష్టారు పడీపడీ నవ్వారు. హాస్టల్లో పిల్లల సంఖ్య తక్కువైందని ఆయన బెంగ ఆయనది. ఏడేళ్ళని రాసుకున్నారు. ఏడంటే ఎంతో నాకు తెలీదు. పెద్ద అంకె చెప్తే కాదనలేరనుకున్నానంతే. చెల్లి బాగా చదువుకోవాలని, ఉద్యోగం చెయ్యాలని నేను ఆ రోజు అనుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది అబద్ధం. హాస్టల్లో ఒక్కదాన్నే పడుకోవాలంటే భయమేసేది. పక్కన నా మనిషి ఒకరు కావాలి.

అలా కాగితం మీద నేను జూన్‌లో పుట్టాను, నా చెల్లి అదే సంవత్సరం అక్టోబరులో పుట్టింది. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఆ తేదీలే ఎక్కాయి. మా వైపు అక్కని అప్పా అంటాం. చెల్లి నన్ను అలా పిలుస్తున్నా, కాలేజీలో ఎవరైనా అడిగితే కవలలం అని నవ్వి ఊరుకునేవాళ్ళం. ఎప్పుడో పుట్టినవాళ్ళకి ఇప్పుడు ధ్రువపత్రం కావాలంటే డివిజన్ ఆఫీసు నుంచి ఉత్తర్వు రావాలి. దానికి ముందు ఇంటి విచారణ జరుగుతుంది, రేషన్ కార్డులో ఉన్నవాళ్ళందరి వివరాలూ ఫైలుకి జతచేస్తారు. ఈ దరఖాస్తులు నేను ఎంతమందికి ఎక్కించానో లెక్కలేదు. అందుకే ముందే తెలిసిపోయింది నాకు, ఇది ఎక్కడ ఆగుతుందో.

అక్కడే ఆగింది. డివిజన్ ఆఫీసులో గుమాస్తా నన్నూ చెల్లినీ కూర్చోబెట్టి, ఫైలు మా వైపు తిప్పి, రెండు తేదీల మీద చెరో వేలు పెట్టాడు.

"ఒకే తల్లికి జూన్‌లో ఒకరు, అక్టోబరులో ఒకరు. ఇదెలా కుదిరిందమ్మా?"

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చెవి సంగతి చెప్తే నవ్వాడు కూడా.

"నేను నమ్ముతానమ్మా. మా ఊళ్ళోనూ అంతే. కానీ నేను నమ్మితే సరిపోదు, సంతకం పెట్టే ఆయన నమ్మాలి. మెమోలో తేదీ మార్చుకుని రండి."

మెమో మార్చాలంటే బోర్డు, దానికి ముందు కోర్టు, మెమో మారితే ఆధార్ మారాలి, పాస్‌పోర్టు మారాలి. ఏడాదికి పైమాటే. నా తేదీ మార్చుకున్నా అంతే. కంపెనీవాళ్ళు ఇచ్చిన గడువు ఇరవై రోజులు. ఇవన్నీ ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చెల్లి మాత్రం ఆయన ముఖం, నా ముఖం మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. ఆఖరికి ఆయన గొంతు తగ్గించి, "మీ ఇద్దర్లో ఒకరు ఆవిడ కూతురు కాకపోతే ఏ గొడవా లేదు" అన్నాడు.

ఆయన ఆలోచన ఇది. నేను అమ్మ కూతుర్ని కాదని, నాన్న అన్నగారి కూతుర్నని, వాళ్ళు పోతే అమ్మ పెంచుకుందని అమ్మ చేత ఒక అఫిడవిట్ వేయించాలి. రేషన్ కార్డులోంచి నా పేరు తీసెయ్యాలి. పెదనాన్న కూతురినంటే కులం మారదు, నా ఉద్యోగానికి ఇబ్బంది రాదు, అది కూడా ఆలోచించి చెప్పాడు. మా పెదనాన్న, పెద్దమ్మ ఉన్నమాట నిజమే. పిల్లలు లేకుండానే ఒకే వర్షాకాలంలో ఇద్దరూ పోయారు. ఆయన మంచివాడే. చెడ్డవాడైతే పద్ధతి కాదని పంపేసి ఊరుకునేవాడు. నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

వచ్చేటప్పుడు సర్వీసు జీపులో మా ఇద్దరికీ వెనక సీట్లో, క్యాబేజీ బస్తాల మధ్య చోటు దొరికింది. ఘాట్ ఎక్కాక చెల్లి ఒక్కసారిగా మొదలుపెట్టింది.

"నిన్నెవులడిగారప్పా? ఆ రోజు నాలుగున్నరేళ్ళని సెప్తే ఏటయ్యేది?"

"సెప్తే నువ్వు బళ్ళోకి వచ్చేదానివి కాదు. నీ ఈడు గుంటలు ముగ్గుర్ని ఎనక్కి పంపేసినారు. మరుసటేడు ఆళ్ళని మళ్ళీ తీసుకెళ్ళినోళ్ళు ఎవులు? ఇప్పుడేటి సేత్తన్నారు ఆళ్ళు?"

"కాఫీ కోస్తన్నారు. నేనేటి సేత్తన్నాను?"

జీపులో ఉన్న పదిమందీ వింటున్నారు. ముందు సీట్లోంచి ఒకాయన తల తిప్పి "ఏటైందమ్మా?" అని అడిగాడు. చెల్లి అన్నదీ నిజమే. పదహారేళ్ళు చదివిన పిల్ల, అసలు చదవని పిల్లలు ఒకే తోటలో ఒకే చెట్టుకి అటూ ఇటూ నిలబడి కాయలు కోస్తున్నారు. చదివిన దానికి అదనంగా ఒక నోటుబుక్కు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి, అంతే.

మర్నాడు నేనే కూర్చుని చెల్లి చేత కంపెనీవాళ్ళకి ఒక ఉత్తరం రాయించాను. మా ప్రాంతంలో పిల్లలు ఇళ్ళలో పుడతారు, ఎవరూ తేదీలు రాసిపెట్టుకోరు, బడిలో మేష్టారు తోచిన తేదీ వేస్తారు, పాస్‌పోర్టులో ఉన్నదే మీరు తీసుకోండి అని. జవాబు వెంటనే వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీ ఊరి సంగతులు మాకెంతో ఆసక్తిగా అనిపించాయి, మీ ఇబ్బంది అర్థమైంది, ఇంకో పది రోజులు గడువిస్తున్నాం, దయచేసి ధ్రువపత్రం పంపండి అని రాశారు. ఆసక్తిగా ఉందట. నేను ఆ మాట పట్టుకుని ఆఫీసులో రోజంతా చిరాకు పడ్డాను. రేషన్ కార్డు పనికి వచ్చిన ఒక పెద్దాయన్ని కారణం లేకుండా కసిరాను కూడా. ఆయన నన్ను ఏమీ అనకుండా బయట చెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత నేనే పిలిచి పని చేసిపెట్టాను.

అఫిడవిట్ నేనే టైపు చేశాను. ఇంకెవరి చేత చేయిస్తాను? అబద్ధపు కాగితం ప్రభుత్వానికి ఇవ్వడం నేరమని, పట్టుబడితే ఉద్యోగం పోతుందని ఆ బల్ల దగ్గర కూర్చునే నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా తప్పు నాది, దిద్దుకోవాల్సింది నేనే అనుకున్నాను. "సదరు పెద్ద అమ్మాయి నా కడుపున పుట్టిన బిడ్డ కాదు. నా భర్త అన్నగారి కుమార్తె. తల్లిదండ్రులు మరణించినందున నేను పెంచుకొన్నాను." మూడు వాక్యాలు. ఇలాంటి వాక్యాలు ఇతరుల కోసం చాలా కొట్టాను. రెండో వాక్యం దగ్గర లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి పూర్తి చేశాను.

ఆదివారం పొద్దున అమ్మ ఇంటి ముందు కల్లంలో కాఫీ గింజలు కాలితో తిరగేస్తోంది. చెల్లి గట్టు మీద కూర్చుని ఉంది. నేను కాగితం, ఇంకు ప్యాడ్ పట్టుకుని వెళ్ళాను. మర్నాటికి ఆ కాగితం డివిజన్ ఆఫీసుకి అందాలి. కాగితంలో ఏముందో చెప్పకుండా వేలిముద్ర వేయించుకోవచ్చు. మా అమ్మ నేను ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తుంది. కానీ అలా వేయించుకుని మోసపోయినవాళ్ళని మా కొండల్లో చాలామందిని చూశాను. అందుకని చదివి వినిపించాను.

అమ్మ కాలు ఆపి, "మళ్ళీ సదువు" అంది.

మళ్ళీ చదివాను.

"ఎవులు నా కడుపున పుట్నేదు?"

"నేనమ్మా."

అమ్మ కోపంగా అంది. "నీకు రెండు రోజులు నొప్పులు పడ్డాను. దీనికి ఒక్క పూటే. కాదని రాస్తే దీన్ని రాయాల గానీ నిన్నేల రాసినావు?"

"కాయితం దానికి కావాలమ్మా. దానికి నువ్వే తల్లివని ఉండాల. నేను లేకపోతే ఇబ్బంది లేదు."

"నీ ఆపీసులో ఇలాటియ్యా నువ్వు రాసేది?"

అమ్మ చెల్లి వైపు తిరిగింది. "నువ్వు సెప్పు గుంటా. ఎయ్యమంటే ఏత్తాను. వద్దంటే మానేత్తాను."

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం రాసింది నేను. తెచ్చింది నేను. ఇంకు ప్యాడ్ మూత తీసి పట్టుకుని నిలబడింది నేను. అయినా చెల్లి వద్దంటుందని నా మనసులో నమ్మకం. వద్దులేమ్మా, అప్ప పేరు తీసేసి నాకు ఉద్యోగమేంటి, అంటుంది. అప్పుడు నేను బతిమాలతాను, నా కోసం ఒప్పుకో అంటాను. ఆ మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

చెల్లి నా వైపు చూడలేదు. ఎండుతున్న గింజల వైపు చూస్తూ, "బేగి ఏసెయ్యమ్మా. రేపటికి అందాల" అంది.

అమ్మ వేసింది. ఏళ్ళ తరబడి కాయలు కోసీ కోసీ ఆవిడ బొటనవేలు గీతలు అరిగిపోయాయి. మొదటిసారి నల్లటి మచ్చ పడిందంతే. పక్కన రెండోసారి వేయించాల్సి వచ్చింది. రెండోది కాస్త తెలిసింది. అమ్మ వేలు చీరకి తుడుచుకుని మళ్ళీ గింజలు తిరగేయడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెల్లి మీద, నా మీద, నవ్వుతూ ఏడని రాసుకున్న మేష్టారి మీద, మంచినీళ్ళడిగినంత తేలిగ్గా మనుషుల్ని కాగితాలడిగే దేశాలన్నిటి మీద.

ధ్రువపత్రం వారంలో వచ్చింది. దాని మీద ముద్ర పడటానికి ఇంకో వారం. చెల్లి స్కాన్ చేసి, గడువు ఇంకా రెండు రోజులుండగానే పంపింది. అయిదో రోజున జవాబు వచ్చింది. ఈ ఏడాది బయటి దేశాలవాళ్ళని తీసుకోకూడదని కంపెనీ నిర్ణయించింది, చాలా విచారిస్తున్నాం, మీరు సరిచేసి పంపిన ప్రోగ్రామ్‌లు మాకెంతో ఉపయోగపడ్డాయి, మీకు మంచి భవిష్యత్తు ఉంది. అంతే. ధ్రువపత్రం అందిందో లేదో కూడా రాయలేదు. దాని గురించి ఒక్క ముక్క లేదు.

చెల్లి ఆ ఉత్తరం నాకు ఫోన్‌లో పంపింది. నేను ఆఫీసులో నా బల్ల దగ్గరే చదివాను. ఎదురుగా ఇద్దరు దరఖాస్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. సర్వర్ పనిచెయ్యట్లేదని చెప్పి బయటికి పంపేశాను. సర్వర్ బాగానే ఉంది. ఇంటికి వెళ్ళేసరికి చెల్లి గిన్నెలు తోముతోంది. ఏమైనా అంటుందేమోనని కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. అది తలెత్తలేదు. నేనూ ఓదార్చలేదు. అమ్మకి విషయం చెప్తే, "మరి ఆ రగ్గు?" అంది. రగ్గు కొనేసింది అప్పటికే. ఇప్పుడు దాన్ని చలికి ముగ్గురం వంతులేసుకుని కప్పుకుంటున్నాం.

ఇది జరిగి ఏడాది దాటింది. చెల్లి నోటుబుక్కు అయిపోతే ఇంకోటి కొంది. ఇప్పుడు ఐర్లాండ్, ఫిన్లాండ్, పోలండ్ అంటోంది. మధ్యలో విశాఖపట్నంలో మూడు నెలలు ఒక చోట చేసింది, వాళ్ళు జీతం సరిగ్గా ఇవ్వకపోతే వచ్చేసింది. మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉంటాం. సంతకి కలిసే వెళ్తాం. కానీ ఆ ఆదివారం గురించి అదీ ఎత్తదు, నేనూ ఎత్తను. ఒకసారి నేను దాని ఫైలు సర్దుతుంటే ఆ ధ్రువపత్రం ప్లాస్టిక్ కవర్లో, అన్నిటికన్నా పైన కనిపించింది.

నా లాగిన్‌లో మా ఇంటి వివరాలు తెరిస్తే అమ్మ పేరు, చెల్లి పేరు వస్తాయి. నన్ను మళ్ళీ ఎక్కించాలంటే ఏ దరఖాస్తు పెట్టాలో, దానికి ఏ కాగితాలు జతచేయాలో నాకు కంఠతా వచ్చు. పెడితే మళ్ళీ విచారణ జరుగుతుంది, ఎవరో ఒకరు రెండు తేదీల మీద చెరో వేలు పెడతారు, చెల్లి ధ్రువపత్రం రద్దవుతుంది. ఏ దేశం ఎప్పుడు అడుగుతుందో తెలియదు కదా. అందుకని దరఖాస్తు పెట్టలేదు.

అమ్మ మాత్రం వదలదు. మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటే మళ్ళీ అడిగింది.

"నీ కాయితం సరిసేయించుకున్నావేటి?"

"ఇంకా లేదమ్మా. దానికి ఉద్యోగం రానీ."

అమ్మ నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, "అందాకా నీకు తల్లెవులే?" అంది.